బైట్లు తిరగేసే పని కంపైలర్‌కు వదిలేయడం ఎలా: సీ, సీ++ రాసేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

నెట్‌వర్క్ ప్యాకెట్ కానివ్వండి, ఇమేజ్ ఫైల్ హెడర్ కానివ్వండి, బయటి నుంచి వచ్చిన బైట్లను నంబర్‌గా మార్చే కోడ్ ఎప్పుడో ఒకసారి మనందరం రాస్తాం. అక్కడ ఎక్కువమంది చేసే మొదటి పని, "మన మెషీన్ లిటిల్ ఎండియనా, బిగ్ ఎండియనా" (అంటే నంబర్‌లోని చిన్న స్థానపు బైట్‌ని మెమరీలో ముందు పెడుతుందా, పెద్ద స్థానపు బైట్‌నా) అని కనుక్కోవడానికి నాలుగు మాక్రోలు పెట్టడం. ఆ ప్రశ్నే అక్కర్లేదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. బైట్లు ఏ వరుసలో వచ్చాయో అది మాత్రం కోడ్‌లో చెప్పండి, మెషీన్ సంగతి కంపైలర్ చూసుకుంటుంది. నేటి జీసీసీ, క్లాంగ్ రెండూ ఈ పనిలో ఎంత గట్టివంటే, మీరు పది ఆపరేషన్లు రాసినా చివరికి ఒకటో రెండో ఇన్‌స్ట్రక్షన్లే మిగులుతాయి. కాకపోతే కోడ్ వాటికి అర్థమయ్యే ఆకారంలో ఉండాలి, ఆ తర్వాత నిజంగా అర్థమైందో లేదో మనం చూసుకోవాలి.

ముందు ఒక్క నిమిషం, అసలు సంగతి

443 అనే పోర్ట్ నంబర్ తీసుకోండి. అది రెండు బైట్లు: 1, 187 (ఎందుకంటే 1 × 256 + 187 = 443). నెట్‌వర్క్ మీద పెద్ద బైట్ (విలువ పెద్దదని కాదు, 256 తో గుణించే పెద్ద స్థానంలోది) ముందు వస్తుంది కాబట్టి 1, ఆ తర్వాత 187. దీన్ని ఎక్స్86 మెషీన్ మీద తిన్నగా 16 బిట్ల నంబర్‌గా చదివితే, ఆ ప్రాసెసర్ చిన్న బైట్ ముందుంటుందని అనుకుంటుంది కాబట్టి 187 × 256 + 1 = 47873 వస్తుంది. లాగ్‌లో ఎప్పుడైనా 47873 కనిపిస్తే, లేదా 80 ఉండాల్సిన చోట 20480 కనిపిస్తే, ఎక్కడో ఒక తిరగేత తక్కువైందని, లేదంటే ఒకటి ఎక్కువైందని అర్థం. ఎండియన్ అనే మాటను ఈ అర్థంలో కంప్యూటర్ల వాళ్లకు అలవాటు చేసింది డానీ కోహెన్, 1980లో. అప్పటి నుంచి గొడవ అదే, మెషీన్లే మారాయి.

మొదటి అడుగు: చదివే ఫంక్షన్‌ని విలువ ప్రకారం రాయండి

పి అనేది బైట్ల పాయింటర్ అనుకుందాం, యూ32 అంటే 32 బిట్ల అన్‌సైన్డ్ టైపు. పెద్ద బైట్ ముందు వచ్చే డేటాను ఇలా చదవాలి:

విలువ = (యూ32)పి[0] << 24 | (యూ32)పి[1] << 16 | (యూ32)పి[2] << 8 | (యూ32)పి[3];

చిన్న బైట్ ముందు వచ్చే డేటా అయితే షిఫ్ట్‌లు తిరగబడతాయి, అంతే:

విలువ = (యూ32)పి[0] | (యూ32)పి[1] << 8 | (యూ32)పి[2] << 16 | (యూ32)పి[3] << 24;

ఈ రెండు లైన్లలో ఎక్కడా మెషీన్ గురించి ఒక్క మాట లేదు, గమనించండి. షిఫ్ట్ అనేది విలువ మీద జరిగే పని, మెమరీలో బైట్లు ఎలా పడుకున్నాయన్నదానితో దానికి సంబంధం లేదు. అందుకే ఇవే లైన్లు ఎక్స్86 మీద, ఆర్మ్ మీద, బిగ్ ఎండియన్ అయిన ఎస్390ఎక్స్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్) మీద ఒకే జవాబు ఇస్తాయి. పాయింటర్‌ని యూ32 పాయింటర్‌గా కాస్ట్ చేసి చదివేసి, ఆ తర్వాత తిరగేసే పాత అలవాటు ఉంటే ఇవాళే మానేయండి. అడ్రస్ అలైన్ అయి ఉండకపోవచ్చు (అంటే 4 తో భాగింపబడకపోవచ్చు), టైపు నియమాలూ దెబ్బతింటాయి. "ఎక్స్86 మీద పనిచేస్తోంది కదా" అనుకుంటాం గానీ, కంపైలర్ ఆ లూప్‌ని వెక్టరైజ్ చేసి (ఒకేసారి చాలా విలువల మీద పనిచేసేలా మార్చి) అలైన్డ్ లోడ్ వాడిన రోజున ఎక్స్86 మీద కూడా ప్రోగ్రామ్ కూలిపోతుంది.

రెండో అడుగు: ఆ కాస్ట్‌లు అలంకారం కాదు

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే నేను స్వయంగా రెండు రోజులు పోగొట్టుకున్నది ఇక్కడే. రెండు బైట్ల ప్యాకెట్ పొడవు చదివే కోడ్, పి ని మామూలు చార్ పాయింటర్‌గా పెట్టాను, కాస్ట్ ఏమీ రాయలేదు. టెస్టులన్నీ పాస్. చిన్న ప్యాకెట్లు అన్నీ బాగానే వెళ్తున్నాయి. 144 బైట్ల ప్యాకెట్ ఒకటి వచ్చింది, పొడవు -112 అని పడింది. కారణం ఏంటంటే, ఎక్స్86 మీద చార్ మామూలుగా సైన్డ్, అంటే 127 దాటిన ప్రతి బైట్ మైనస్ నంబర్ అయిపోతుంది. 144 కాస్తా -112 అయి, ఇంట్‌గా పెరిగేటప్పుడు పై బిట్లన్నీ ఒకట్లతో నిండిపోయి, | చేసేసరికి మొదటి బైట్ సంగతి మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. 127 దాకా ఏ తేడా కనిపించదు కాబట్టి చిన్న టెస్ట్ డేటాతో ఇది ఎప్పటికీ దొరకదు. ఆర్మ్ లైనక్స్ మీద చార్ అన్‌సైన్డ్ కాబట్టి అక్కడ అసలు బగ్గే ఉండదు, అది ఇంకా టెన్షన్ పెట్టే విషయం.

సరే, అన్‌సైన్డ్ చార్ వాడారు. అయినా ఇంకో గుంట ఉంది. సీ లో 8 బిట్ల విలువను షిఫ్ట్ చేసే ముందు అది సైన్డ్ ఇంట్‌గా మారుతుంది. మొదటి బైట్ 128 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే, 24 బిట్లు ఎడమకు జరిపినప్పుడు అది సైన్ బిట్‌లోకి వెళ్తుంది. సీ ప్రమాణం ప్రకారం దానికి నిర్వచనమే లేదు. ఆ ఫలితాన్ని 64 బిట్ల వేరియబుల్‌లో పెడితే పై 32 బిట్లూ ఒకట్లయిపోవడం మీరు ఎక్కువగా చూసే లక్షణం. అందుకే షిఫ్ట్‌కి ముందే కాస్ట్ చేయాలి, తర్వాత కాదు. 64 బిట్ల విలువ కడుతుంటే ప్రతి బైట్‌నీ 64 బిట్ల అన్‌సైన్డ్‌కి మార్చాకే జరపాలి, లేకపోతే 32 బిట్ల విలువను 56 బిట్లు జరపమని అడిగినట్టవుతుంది.

మూడో అడుగు: కంపైలర్ దీన్ని ఎలా పసిగడుతుందో చూడండి

ఇది తెలిస్తే, ఏ కోడ్ కలుస్తుందో ఏది కలవదో మీకే ముందుగా అర్థమవుతుంది. జీసీసీలో దీనికోసం ప్రత్యేకంగా బీస్వాప్ అనే పాస్ (కంపైలర్ పనిలో ఒక దశ) ఉంది. అది మీ ఎక్స్‌ప్రెషన్‌ని ఒక నమూనాతో పోల్చి చూడదు. ప్రతి బైట్‌కీ ఒక గుర్తు అంటించి, ఆ గుర్తు చివరికి ఎక్కడ తేలిందో చూస్తుంది.

చేత్తో చేద్దాం. ఎక్స్ అనే 32 బిట్ల విలువలో పెద్ద బైట్ నుంచి చిన్న బైట్ దాకా గుర్తులు 4 3 2 1 అనుకోండి. తిరగేసే మామూలు కోడ్‌లో నాలుగు ముక్కలుంటాయి.

ఎక్స్‌ని 24 ఎడమకు జరిపితే: 1 0 0 0
8 ఎడమకు జరిపితే 3 2 1 0, అందులో రెండో స్థానం మాత్రమే మాస్క్‌తో ఉంచితే: 0 2 0 0
8 కుడికి జరిపితే 0 4 3 2, మూడో స్థానం మాత్రమే ఉంచితే: 0 0 3 0
24 కుడికి జరిపితే: 0 0 0 4

అన్నీ | తో కలిపితే 1 2 3 4. మొదట ఉన్నది 4 3 2 1, ఇప్పుడు సరిగ్గా తిరగబడింది, కాబట్టి ఈ గందరగోళం అంతా ఒక్క బీస్వాప్ (బైట్లు తిరగేసే ఇన్‌స్ట్రక్షన్). అదే చివరికి మళ్లీ 4 3 2 1 వస్తే, మీరు ఎన్ని షిఫ్ట్‌లు రాసినా అది ఏమీ చేయని కోడ్, మొత్తం ఎగిరిపోతుంది. మెమరీ నుంచి చదివేటప్పుడూ ఇదే లెక్క, గుర్తులు అడ్రస్‌ని బట్టి పడతాయి: పి[0] కి 1, పి[1] కి 2, అలా. పైన రాసిన మొదటి లైన్ లిటిల్ ఎండియన్ మెషీన్ మీద 1 2 3 4 ఇస్తుంది, అంటే ఒక 32 బిట్ల లోడ్, ఒక బీస్వాప్. రెండో లైన్ 4 3 2 1 ఇస్తుంది, అంటే ఒట్టి లోడ్. నాలుగు లోడ్లు, మూడు షిఫ్ట్‌లు, మూడు |లు కలిసి ఒక్క మూవ్ ఇన్‌స్ట్రక్షన్‌లోకి మునిగిపోవడం మొదటిసారి చూసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది.

ఈ పద్ధతిలో అందం ఏంటంటే, మీరు ముక్కల్ని ఏ వరుసలో రాసినా, మాస్క్ ముందు పెట్టి షిఫ్ట్ తర్వాత చేసినా, మధ్యలో రెండు సగాలుగా విడగొట్టి కలిపినా, గుర్తులు చేరే చోటు మారదు. రిజిస్టర్‌లోని విలువను తిరగేయడం జీసీసీకి అంతకుముందే తెలుసు, విడి బైట్ లోడ్లను కలపడం మాత్రం 2015లో వచ్చిన జీసీసీ 5 నుంచి. ఎల్‌ఎల్‌వీఎంలో (క్లాంగ్ వెనుక పనిచేసే భాగం) తిరగేతను ఇన్‌స్ట్‌కంబైన్ పాస్ పట్టుకుని బీస్వాప్ ఇంట్రిన్సిక్‌గా (కంపైలర్ అంతర్గత ఫంక్షన్‌గా) మారుస్తుంది. లోడ్లను కలిపే పని కోడ్ జనరేషన్ దశలో జరుగుతుంది, అది 2017లో ఎల్‌ఎల్‌వీఎం 5 తో వచ్చింది.

నాలుగో అడుగు: నమ్మకండి, అసెంబ్లీ తెరిచి చూడండి

-ఓ2 అనే ఆప్టిమైజేషన్ స్థాయి పెట్టి, -ఎస్ తో అసెంబ్లీ తీయండి. లేదా కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ వెబ్‌సైట్‌లో ఆ ఒక్క ఫంక్షన్ అతికించండి, అర నిమిషం పని. వెతకాల్సింది ఇది: ఎక్స్86 మీద బీస్వాప్ లేదా మూవ్‌బీఈ, ఆర్మ్ మీద రెవ్, పవర్ మీద తిరగేసి చదివే ఎల్‌డబ్ల్యూబీఆర్‌ఎక్స్, ఎస్390ఎక్స్ మీద ఎల్‌ఆర్‌వీ. 16 బిట్ల విలువకు ఎక్స్86 మీద బీస్వాప్ కనిపించదు, కంగారు పడకండి. ఇంటెల్ 486 ప్రాసెసర్‌తో వచ్చిన ఆ ఇన్‌స్ట్రక్షన్‌కి 16 బిట్ల రిజిస్టర్ మీద నిర్వచనం లేదు, కాబట్టి కంపైలర్ 8 బిట్ల రొటేట్ వాడుతుంది, అదీ ఒక్క ఇన్‌స్ట్రక్షనే.

ఒక్కో బైట్‌ని సున్నాలతో పెంచి చదివే మూవ్‌జెడ్‌ఎక్స్ నాలుగు వరుసగా కనిపించి, కింద షిఫ్ట్‌లు కనిపిస్తే, కలవలేదన్నమాట. ముందు చూడాల్సింది ఆప్టిమైజేషన్ స్థాయి. జీసీసీలో ఈ పాస్ -ఓ2 తో ఆన్ అయ్యే ఖరీదైన ఆప్టిమైజేషన్ల గుంపులో ఉంది, -ఓ0 బిల్డ్‌లో దాన్ని ఆశించడం అన్యాయం.

ఐదో అడుగు: కలవకపోతే, అడ్డం పడుతున్నదేంటో కనుక్కోండి

అన్నిటికంటే ఎక్కువగా తగిలేది ఏలియాసింగ్. ఒక బైట్ చదివి, దాన్ని ఇంకో బఫర్‌లో రాసి, మళ్లీ తర్వాతి బైట్ చదివారనుకోండి. రాసిన చోటూ చదివే చోటూ ఒకటే కావచ్చని కంపైలర్ భయపడుతుంది, ముఖ్యంగా రాసేది చార్ పాయింటర్ ద్వారా అయితే, ఎందుకంటే చార్ పాయింటర్ దేన్నైనా చూపించవచ్చు. మధ్యలో ఒక్క రాత పడితే చాలు, రెండు పక్కల లోడ్లనూ కలపడం దాని చేతుల్లో ఉండదు. మందు చాలా తేలిక: కావాల్సిన ఫీల్డులన్నీ ముందు లోకల్ వేరియబుల్స్‌లోకి చదివేయండి, రాయడం తర్వాత పెట్టుకోండి. రెండు బఫర్లూ వేరని మీకు ఖాయంగా తెలిస్తే, ఆ మాట కంపైలర్‌కు చెప్పే రిస్ట్రిక్ట్ వాడొచ్చు, తెలియకపోతే మాత్రం వాడకండి.

వోలటైల్ పెట్టిన పాయింటర్ మీద ఏ కలయికా జరగదు, జరగకూడదు కూడా. ఒక్కో బైట్‌నీ విడిగా చదవమని మీరే అడిగారు. డివైస్ రిజిస్టర్లకు అది న్యాయమే, మామూలు బఫర్‌కి అంటించుకుంటే మాత్రం నష్టం.

లూప్‌గా రాస్తే, అంటే విలువను ఎనిమిది జరిపి తర్వాతి బైట్‌ని కలుపుతూ నాలుగుసార్లు తిరిగితే, ముందు ఆ లూప్ పూర్తిగా విప్పబడాలి, ఆ తర్వాతే గుర్తుల లెక్క పనిచేస్తుంది. ఒక్కోసారి విప్పుతుంది, ఒక్కోసారి విప్పదు. నాలుగు బైట్లకు లూప్ ఎందుకు, చేత్తో విప్పి రాసేయండి. ముక్కల్ని కలపడానికి + కాకుండా | వాడండి, + ని అన్ని వెర్షన్లూ గుర్తుపట్టవు.

ఇన్‌లైన్ అసెంబ్లీతో మీరే బీస్వాప్ రాయడం వేగం అనిపిస్తుంది గానీ, నా అభిప్రాయంలో అది అన్నిటికంటే చెడ్డ దారి. అసెంబ్లీ బ్లాక్ లోపల ఏముందో కంపైలర్‌కి తెలియదు, స్థిరాంకాన్ని ఇచ్చినా కంపైల్ సమయంలో లెక్కకట్టలేదు, కింద చెప్పబోయే ఏ సులువూ దానికి వర్తించదు. కంపైలర్ పసిగడుతుందన్న నమ్మకం లేకపోతే బిల్టిన్ (కంపైలర్‌లోనే ఉన్న రెడీమేడ్ ఫంక్షన్) వాడండి: జీసీసీ, క్లాంగ్‌లలో బిల్టిన్ బీస్వాప్32, 64, సీ++23 లో ఎస్‌టీడీ బైట్‌స్వాప్. మెమరీ నుంచి అయితే మెమ్‌కాపీతో లోకల్ వేరియబుల్‌లోకి తెచ్చుకుని బిల్టిన్ పిలవండి, ఆ మెమ్‌కాపీ కూడా ఒక్క లోడ్ అయిపోతుంది. అయితే ఈ దారిలో మాత్రం మెషీన్ ఏ ఎండియన్ అని మీరే అడగాలి, సీ++20 లోని ఎస్‌టీడీ ఎండియన్ ఉన్నది అందుకే. అందుకే నా ఓటు షిఫ్ట్‌లకే.

కొన్ని ప్రాసెసర్ల మీద తప్పు మీ కోడ్‌ది కాదు. అలైన్ కాని అడ్రస్ నుంచి పెద్ద లోడ్ కుదరని టార్గెట్ అయితే, కంపైలర్ నాలుగు బైట్ లోడ్లనూ అలాగే ఉంచడమే సరైన పని. రిస్క్-వీ మూల సెట్‌లో తిరగేసే ఇన్‌స్ట్రక్షనే లేదు, జెడ్‌బీబీ లాంటి ఎక్స్‌టెన్షన్ ఉంటేనే రెవ్8 దొరుకుతుంది.

ఆరో అడుగు: తిరగేతే మాయమయ్యే చోట్లు

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. ప్యాకెట్‌లోని పోర్ట్‌ని తిరగేసి 443 తో సమానమా అని అడిగారు. కంపైలర్ ఏం చేస్తుందంటే, పోర్ట్‌ని వదిలేసి 443 ని తిరగేస్తుంది, అదీ కంపైల్ సమయంలోనే. రన్ అయ్యేటప్పుడు మిగిలేది మెమరీలో ఉన్న విలువను 47873 తో పోల్చడం ఒక్కటే. వేగం కోసమని మీరే స్థిరాంకాన్ని తిరగేసి పెట్టుకోవాల్సిన పని లేదు, చదివేవాళ్లకి 443 అనే కనబడనివ్వండి.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. రెండుసార్లు తిరగేస్తే మొదటి విలువే. సున్నాతో పోల్చడానికి తిరగేత అక్కర్లేదు. తిరగేసిన రెండు విలువలు సమానమా అంటే తిరగేయకముందు సమానమా అన్నట్టే. బిట్ వారీ పనులకు (&, |, ఎక్స్‌ఆర్) బైట్ ఎక్కడున్నా ఒకటే కాబట్టి, తిరగేసిన రెండింటిని & చేయడం అంటే & చేసి ఒక్కసారి తిరగేయడమే. ఫ్లాగ్ ఉందా లేదా అన్న పరీక్ష కూడా మాస్క్‌నే తిరగేసుకుని తిరగేత లేకుండా అయిపోవచ్చు.

కూడికకు మాత్రం ఇది కుదరదు. కూడికలో చిన్న బైట్ నుంచి పెద్ద బైట్‌కి మిగులు ఎక్కుతుంది, బైట్లు తిరగబడి ఉంటే ఆ మిగులు తప్పు పక్కకి వెళ్తుంది. చిన్నదా పెద్దదా అన్న పోలికకూ ఇదే ఇబ్బంది, అక్కడ తిరగేత తప్పదు. తమాషా ఏంటంటే, ఈ రెండో సంగతిని కంపైలర్లు తమకు అనుకూలంగా కూడా వాడుకుంటాయి: చిన్న, తెలిసిన పొడవున్న మెమ్‌సీఎంపీని (రెండు బఫర్ల బైట్లను పోల్చే ఫంక్షన్‌ని) విప్పేటప్పుడు ఎల్‌ఎల్‌వీఎం రెండు పక్కలా లోడ్ చేసి, రెండింటినీ తిరగేసి, అన్‌సైన్డ్ పోలిక పెడుతుంది, ఎందుకంటే మొదటి బైట్ పెద్ద స్థానంలోకి వస్తేనే నిఘంటువు వరుస కుదురుతుంది. సమానమా కాదా అని మాత్రమే అడిగితే ఆ తిరగేత కూడా వదిలేస్తుంది. అందుకే సమానత్వం చాలినప్పుడు అదే అడగండి.

ఏడో అడుగు: రాసే వైపు

రాయడం చదవడానికి అద్దం లాంటిది:

పి[0] = విలువ >> 24; పి[1] = విలువ >> 16; పి[2] = విలువ >> 8; పి[3] = విలువ;

జీసీసీ 8 (2018) నుంచి స్టోర్ మెర్జింగ్ పాస్ ఈ నాలుగు రాతల్నీ ఒక బీస్వాప్, ఒక స్టోర్‌గా కలుపుతుంది. నాలుగూ పక్కపక్కనే రాయండి, మధ్యలో ఇంకేదీ చదవకండి.

ఎనిమిదో అడుగు: మొత్తం ఎర్రే అయితే

ఎస్‌హెచ్‌ఏ-256 అనే హాష్ పద్ధతి దీనికి చక్కటి ఉదాహరణ. ప్రతి 64 బైట్ల బ్లాక్‌నీ పదహారు 32 బిట్ల నంబర్లుగా, పెద్ద బైట్ ముందు వరుసలో చదవాలి. పదహారు విడి బీస్వాప్‌లు చేయొచ్చు, కానీ లూప్ శుభ్రంగా ఉంటే -ఓ3 లో కంపైలర్ దాన్ని వెక్టరైజ్ చేసి, పీషఫ్‌బీ ఇన్‌స్ట్రక్షన్‌తో ఒకేసారి 16 బైట్లు, అంటే నాలుగు నంబర్లు తిరగేస్తుంది. ఏవీఎక్స్2 (ఇంకా వెడల్పైన ఇన్‌స్ట్రక్షన్ల సెట్) ఉంటే ఎనిమిది. మెలిక ఒకటుంది: పీషఫ్‌బీ ఎస్‌ఎస్‌ఎస్‌ఈ3 అనే ఇన్‌స్ట్రక్షన్ల సెట్‌తో వచ్చింది, మామూలు ఎక్స్86-64 బిల్డ్‌లో ఎస్‌ఎస్‌ఈ2 వరకే హామీ. మూవ్‌బీఈ కూడా అంతే, దానికీ ఆప్షన్ ఇవ్వాలి. మీ కోడ్ నడిచే మెషీన్లు ఏవీఎక్స్2 ఉన్న ఇంటెల్ హాస్వెల్ తరం లేదా తర్వాతివే అని తెలిస్తే టార్గెట్‌ని ఎక్స్86-64-వీ3 గా పెట్టండి, రెండూ ఒకేసారి దొరుకుతాయి. మూవ్‌బీఈ లేదని మాత్రం బాధపడకండి, 32 బిట్ల బీస్వాప్ చాలా చౌక. దానికంటే కాష్ మిస్ ఒక్కటి ఎన్నో రెట్లు ఖరీదు.

వేరే భాషల్లో రాసేవాళ్లకి ఒక్క మాట. రస్ట్‌లో యూ32 ఫ్రమ్ బీఈ బైట్స్, గోలో బైనరీ ప్యాకేజీలోని బిగ్‌ఎండియన్ ఫంక్షన్లు, జావాలో ఇంటిజర్ రివర్స్‌బైట్స్ ఉన్నాయి. ఇవన్నీ చివరికి అదే ఇన్‌స్ట్రక్షన్‌కి చేరతాయి, చేత్తో షిఫ్ట్‌లు రాయక్కర్లేదు.

తొమ్మిదో అడుగు: టెస్ట్

టెస్ట్ డేటాలో బైట్లన్నీ వేర్వేరుగా, కనీసం రెండు 127 దాటి ఉండాలి. 0 0 0 1 లాంటి డేటాతో సైన్ తప్పు దొరకదు. 1 2 3 4 తో వరుస తప్పు దొరుకుతుంది గానీ నా 144 బైట్ల బగ్ దొరకదు. 129, 2, 243, 4 లాంటిది పెట్టండి, పెద్ద బైట్ మొదటిదే 127 దాటింది కాబట్టి ఇంట్ షిఫ్ట్ తప్పు కూడా బయటపడుతుంది. జవాబును 64 బిట్ల వేరియబుల్‌లోకి తీసుకుని పోల్చండి, లేకపోతే పై బిట్లలో చేరిన ఒకట్లు కనిపించవు. అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్ (నిర్వచనం లేని పనుల్ని నడుస్తున్నప్పుడే పట్టించేది) ఆన్ చేసి ఒకసారి, మామూలు -ఓ2 తో ఒకసారి నడపండి.

ఇక బిగ్ ఎండియన్ మెషీన్ ఎక్కడ దొరుకుతుందంటారా, కొనక్కర్లేదు. ఎస్390ఎక్స్‌కి క్రాస్ కంపైల్ చేసి, స్టాటిక్‌గా లింక్ చేసి, క్యూఎమ్యూ (వేరే ప్రాసెసర్‌ని అనుకరించే ప్రోగ్రామ్) యూజర్ మోడ్‌లో ఆ టెస్ట్ బైనరీ నడపండి, మీ ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది. మొదటి అడుగులోని రెండు లైన్లూ అలాగే రాసి ఉంటే, అక్కడ అసెంబ్లీ తెరిచి చూడండి: పెద్ద బైట్ ముందు చదివే లైన్ ఈసారి ఒట్టి లోడ్‌గా, చిన్న బైట్ ముందు చదివేది ఎల్‌ఆర్‌వీగా కనిపిస్తాయి, మీరు ఒక్క అక్షరం మార్చకుండానే.